ముద్ర ఉంది, పద్దు ఏదీ?

అర ఠావు తెల్ల కాగితం. పైన పంపినవారి పేరు, కింద ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసి ముగ్గురి చిరునామాలు. ఓ పక్కన చిన్న విలువ తపాలా బిళ్ళ, దాని మీద పోస్టాఫీసు గుండ్రటి తేదీ ముద్ర. మన ఆఫీసుల్లో, కోర్టుల్లో తరాలపాటు యూసీపీ అన్న మూడక్షరాలతో చెలామణీ అయిన రుజువు ఇంతే. పూర్తి పేరు అండర్ సర్టిఫికెట్ ఆఫ్ పోస్టింగ్. ఉత్తరాలు కౌంటరు దగ్గర చూపించి, చీటీ మీద ముద్ర వేయించుకుని దాచుకుంటే, ఫలానా రోజున ఫలానా వాళ్ళకి ఉత్తరం పోస్టు చేశామనడానికి చేతిలో ఒక ఆధారం ఉన్నట్టే అనుకునేవారు. 2011 తొలినాళ్ళలో తపాలా శాఖ ఈ సదుపాయాన్ని ఎత్తేసింది. పెద్ద గొడవేమీ జరగలేదు. బీదవాడి చేతిలోని చవక రుజువును సర్కారు లాగేసుకుందని మాత్రం అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటుంటారు. ఆ మాటలో సగం నిజముంది. చవక అన్నది నిజం. రుజువు అన్నదే అనుమానం. పోస్టు చేసినట్టు చెల్లే ఆధారం ఎలా ఉండాలన్న ప్రశ్నకి మన దేశంలో నూటడెబ్బై ఏళ్ళుగా వచ్చిన జవాబులన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తేటపడుతుంది: పుచ్చుకున్నవాడి జేబులో ఉన్న చీటీకి, ఇచ్చినవాడి దగ్గరున్న పద్దు తోడైనప్పుడే అది నిలబడింది. పద్దు లేని ముద్ర ఎంత గుండ్రంగా పడినా అవతలివాడు కాదన్న రోజున తేలిపోయింది.

అసలీ రుజువు అవసరం ఎప్పుడు పుట్టిందో ముందు చూడాలి. 1774లో వారన్ హేస్టింగ్స్ హయాంలో కలకత్తా జనరల్ పోస్టాఫీసు మామూలు జనానికీ తలుపులు తెరిచాక చాలాకాలం, ఉత్తరం రుసుము బరువును బట్టి, దూరాన్ని బట్టి ఉండేది. దాన్ని పంపినవాడే కట్టాలన్న పట్టింపు లేదు. అందుకున్నవాడు కట్టి విడిపించుకోవడం మామూలే. ఆ పద్ధతిలో ఒక మెలిక ఉంది. డబ్బులు చివరి గుమ్మంలో రావలసి ఉన్నప్పుడు, ఉత్తరాన్ని ఆ గుమ్మం దాకా చేర్చడం తపాలా వ్యవస్థకే అవసరం. దారిలో పోతే నష్టం దానికీ ఉంది. 1854లో డల్హౌసీ కాలంలో వచ్చిన చట్టం ఈ లెక్కను తిరగేసింది. బ్రిటిష్ ఇండియాలో ఎంత దూరమైనా పావు తులం ఉత్తరానికి అర్ధణా. బిళ్ళ ముందే అంటించాలి. అంటించకపోతే అవతలివాడి దగ్గర రెట్టింపు గుంజుతారు. దేశానికి ఎంతో మేలు చేసిన సంస్కరణే, సందేహం లేదు. అయితే ఆ రోజునుంచీ తపాలా శాఖకి రావలసిన డబ్బు మొదటి గుమ్మంలోనే వచ్చేసింది. ఆ తర్వాత ఉత్తరం ఏమైందో చెప్పాల్సిన అవసరం డబ్బు రీత్యా దానికి లేదు. 1898 తపాలా చట్టం ఆరో సెక్షన్ ఈ స్థితికే చట్టరూపం ఇచ్చింది: పోయినా, ఆలస్యమైనా, వేరేవాళ్ళకి ఇచ్చినా, పాడైనా ప్రభుత్వం బాధ్యత వహించదు, తానై ఒప్పుకున్నంత మేరకే వహిస్తుంది. ఉద్యోగి మోసంతోనో బుద్ధిపూర్వకంగానో చేస్తే తప్ప అతని మీదా దావా లేదు. బాధ్యత లేనివాడి చేతిలో వస్తువు పెట్టినప్పుడే రసీదు కావాలనిపిస్తుంది.

మొదట్లో ఆ రసీదుకి ఇచ్చిన రూపం రిజిస్ట్రేషన్. 1898 చట్టం ఇరవై ఎనిమిదో సెక్షన్ దీన్ని పంపినవాడి హక్కుగానే చెప్పింది: పోస్టు చేసే చోటే రిజిస్టర్ చేయించుకోవచ్చు, రసీదు అడగవచ్చు. రిజిస్టర్ పోస్టు అనగానే మనకి రసీదే గుర్తొస్తుంది గానీ, దాని బలం రసీదులో లేదు. పాత పద్ధతిలో కౌంటరు గుమాస్తా కవరు తూచి, బిళ్ళలు సరిపోయాయో లేదో చూసి, ఆఫీసు పేరూ వరస నంబరూ అచ్చయిన చిన్న చీటీని దాని మీద అంటిస్తాడు. అదే నంబరు రసీదు మీద పడుతుంది, అదే నంబరు ఆఫీసు పుస్తకంలో ఎక్కుతుంది. సాయంత్రం సంచి కట్టేటప్పుడు ఆ సంచిలో వెళ్ళే రిజిస్టర్ కవర్లన్నిటికీ ఒక జాబితా రాసి లోపల పెడతారు. రైల్లో రైల్వే మెయిల్ సర్వీసు, అంటే ఆర్‌.ఎం.ఎస్‌. సార్టరు సంచి విప్పి జాబితాతో సరిచూసుకుని, తన దగ్గర్నుంచి పోయేటప్పుడు మళ్ళీ ఒక జాబితా రాస్తాడు. దిగిన ఊళ్ళో పోస్టుమ్యాన్ దాన్ని సంతకం పెట్టి తీసుకుంటాడు, అందుకున్నవాడి సంతకం పెట్టించి వదిలించుకుంటాడు. ఎ.డి. (అక్నాలెడ్జ్‌మెంట్ డ్యూ) కార్డు జత చేస్తే ఆ సంతకం వెనక్కి పంపినవాడికే చేరుతుంది. ఎక్కడ పోయినా, ఎవరి చేతిలో పోయిందో పుస్తకాలు చెబుతాయి. జాబితాలో ఉన్నది సంచిలో లేకపోతే సంచి విప్పినవాడు అప్పటికప్పుడు తేల్చాలి, లేదంటే తన మెడకి చుట్టుకుంటుంది. రిజిస్ట్రేషన్ రుసుము ఎక్కువ కావడానికి కారణం ఈ పుస్తకాలూ ఈ సంతకాలే. కవరు వేగంగా పోదు, మెత్తగా పోదు. ప్రతి చేతినీ ఇరికిస్తూ పోతుంది. పచారీ కొట్టు అరువు ఖాతా కొట్టువాడి దగ్గరొకటి, మన దగ్గరొకటి ఉన్నట్టే ఇదీను. ఒక పుస్తకాన్ని రెండోది పట్టిస్తుంది.

న్యాయశాస్త్రం కూడా ఈ పుస్తకాల మీదే కట్టుకుంది. 1872 సాక్ష్య చట్టం పదహారో సెక్షన్ కింద ఇచ్చిన ఉదాహరణ నాకు భలే ఇష్టం. ఉత్తరం అవతలివాడికి అందిందా లేదా అన్నది ప్రశ్న అయినప్పుడు, అది మామూలు పద్ధతిలో పోస్టు అయిందన్న సంగతీ, డెడ్ లెటర్ ఆఫీసు ద్వారా తిరిగి రాలేదన్న సంగతీ పరిశీలించదగినవే అనేది. ఎవరికీ అందని ఉత్తరాలు చేరే ఆఫీసు ఒకటుంది, అది తన పని తాను చేస్తుంది, కాబట్టి తిరిగి రాకపోవడం కూడా సాక్ష్యమే! ఒక శాఖ దినచర్య మీద చట్టానికి ఎంత నమ్మకం ఉంటే ఈ మాట రాస్తుంది? అదే చట్టం నూటపద్నాలుగో సెక్షన్ మామూలు వ్యవహార సరళి తప్పలేదని ఊహించుకోవడానికి కోర్టుకి వీలిచ్చింది. 1897 జనరల్ క్లాజెస్ చట్టం ఇరవై ఏడో సెక్షన్ ఇంకో అడుగు వేసింది: చిరునామా సరిగా రాసి, రుసుము ముందే కట్టి, రిజిస్టర్ పోస్టులో పంపితే, మామూలుగా ఎప్పటికి అందాలో అప్పటికి అందినట్టే; కాదనేవాడు రుజువు చేసుకోవాలి. 1918లో ప్రివీ కౌన్సిల్ ఒక ఖాళీ చేయమన్న నోటీసు వ్యాజ్యంలో ఈ ఊహకి గట్టి మద్దతు ఇచ్చింది. అప్పటినుంచి అద్దె వ్యాజ్యం దగ్గర్నుంచి చెక్కు బౌన్సు కేసు దాకా ఇదే దారి. ఇంటికి తాళమనో, తీసుకోవడానికి ఒప్పుకోలేదనో పోస్టుమ్యాన్ కవరు మీద రాసి వెనక్కి పంపినా అందినట్టే లెక్క. 2007లో సుప్రీంకోర్టు చెక్కు కేసుల విషయంలో దీన్ని మరింత సూటిగా చెప్పింది: నోటీసు అందలేదనేవాడు సమన్లు అందిన పదిహేను రోజుల్లో డబ్బు కట్టేసి తన చిత్తశుద్ధి చూపించుకోవచ్చు, అదీ చేయకుండా అందలేదంటే వినేది లేదు.

ఇరవై ఏడో సెక్షన్‌లో ఉన్నది రిజిస్టర్ పోస్టు. మామూలు పోస్టు కాదు, యూసీపీ అంతకన్నా కాదు. ఈ తేడాని జనం మరిచిపోయారు. యూసీపీ ఎందుకు పుట్టిందో పోస్టాఫీసు గైడ్ దాచుకోకుండానే చెప్పింది. నౌకర్ల చేతికో, మనుషుల చేతికో పోస్టు చేయమని ఇచ్చిన ఉత్తరాలు నిజంగా పోస్టు అయ్యాయని ప్రజలకు భరోసా ఇవ్వడం దాని ఉద్దేశం. అంటే ఇది యజమానికీ నౌకరుకీ మధ్య కాగితం. దొరగారి బంగళా నుంచో, వకీలు గుమాస్తా చేతి మీదుగానో ఉత్తరాల కట్ట పోస్టాఫీసుకి వెళ్తుంది. బంట్రోతు బిళ్ళలు పీక్కుని డబ్బు చేసుకుని, ఉత్తరాలు కాలవలో పారేయలేదని యజమానికి తెలియాలి. దానికి ముద్ర పడిన చీటీ చాలు. బంట్రోతుకి పోస్టాఫీసు గుమాస్తాతో కుమ్మక్కయ్యే స్తోమత ఉండదు గనక. గైడ్ అక్కడితో ఆగలేదు. సర్టిఫికెట్ ఇచ్చిన ఉత్తరాలు రిజిస్టర్ అయినట్టు కాదనీ, డబ్బాలో వేసిన ఉత్తరాల్లాగే వాటినీ చూస్తామనీ, పోయినా పాడైనా పరిహారం లేదనీ, లోపల ఏముందో దానికి ఈ సర్టిఫికెట్ రుజువు కాదనీ ఒకదాని తర్వాత ఒకటి చెప్పేసింది. ఇంతకన్నా నిజాయితీగా ఏ శాఖ చెబుతుంది? పోస్టాఫీసు ముద్ర వేసి చీటీ తిరిగి ఇచ్చేసేది. తన దగ్గర నకలు ఉంచుకునేది కాదు, నంబరు వేసేది కాదు, పుస్తకంలో రాసేది కాదు. చవక కావడానికి కారణమూ అదే.

ఇంట్లో నౌకరు మీద కాపలాకి పుట్టిన చీటీ కోర్టు బోనెక్కడానికి దారి వేసింది చాలావరకు కంపెనీ వ్యవహారం. 1956 కంపెనీల చట్టం యాభై మూడో సెక్షన్ ప్రకారం వాటాదారులకి కాగితాలు మామూలు పోస్టులో పంపితే సరిపోయేది, చిరునామా సరిగా ఉండి బిళ్ళ అంటించి పోస్టు చేస్తే అందినట్టే. సమావేశం నోటీసైతే పోస్టు చేసిన నలభై ఎనిమిది గంటలకి అందినట్టు లెక్క. వాటాదారు ముందే అడిగి ఖర్చు కట్టి ఉంటే యూసీపీలోనో, రిజిస్టర్ పోస్టులోనో పంపాల్సి ఉండేది. వేలమంది వాటాదారులున్న కంపెనీకి ఒక్కొక్కరికీ రిజిస్టర్ చేయడం తలకి మించిన భారం. అందుకని యూసీపీ కట్టలు బీరువాల్లో పేరుకున్నాయి. పబ్లిక్ ఇష్యూల జోరు పెరిగిన రోజుల్లో 1,500 రూపాయల లోపు రీఫండ్ ఆర్డర్లు యూసీపీలో, ఆ పైవి రిజిస్టర్ లేదా స్పీడ్ పోస్టులో వెళ్ళేవి. షేర్ల దరఖాస్తు ఫారాల వెనక చిన్న అక్షరాల్లో ఈ మాట చదివినవాళ్ళు తెలుగు జిల్లాల్లోనూ తక్కువేం కాదు. ఆ విభజనలోనే తెలివి ఉంది చూడండి. పోతే ఎంత పోతుందో దాన్ని బట్టి రుజువు. చిన్న మొత్తానికి పద్దు లేని ముద్ర, పెద్ద మొత్తానికి పద్దున్న రసీదు. వ్యాపారులు యూసీపీని ఎప్పుడూ పూర్తిగా నమ్మలేదన్నమాట. నమ్మింది, నమ్మక తప్పనిది, రిజిస్టరుకి డబ్బులు పెట్టలేని మామూలు మనిషి.

కోర్టులు నమ్మాయా? కొంతవరకే. స్మగ్లింగు నిర్బంధం కేసొకటి 1981లో సుప్రీంకోర్టుకి వచ్చింది. నిర్బంధంలో ఉన్న మనిషి, తన దగ్గర తీసుకున్న వాంగ్మూలాన్ని వెనక్కి తీసుకుంటున్నానని కస్టమ్స్ అధికారికి ఉత్తరం రాశాననీ, ఇదిగో యూసీపీ అనీ చూపించాడు. అధికారుల ఫైల్లో ఆ ఉత్తరం లేదు. యూసీపీ ఉంటే పోస్టు అయిందనీ, అందిందనీ ఊహించుకోవచ్చు గానీ, ఊహించుకుని తీరాల్సిన పని లేదంది కోర్టు. ఆ మాట చిన్నది, దెబ్బ పెద్దది. అప్పటిదాకా రిజిస్టర్ పోస్టుకి చెల్లెలన్నట్టు చూస్తూ వచ్చిన చీటీని మామూలు ఉత్తరం పక్కకి నెట్టేసింది. 1994లో మరో కేసులో ఇంకా మొహమాటం లేకుండా చెప్పింది: ఇలాంటి పోస్టల్ ముద్రలు ఎప్పుడు కావాలంటే అప్పుడు సంపాదించుకోవడం కష్టం కాదు గనక, ఈ సర్టిఫికెట్ల మీద ఆధారపడి తీర్పు చెప్పడం క్షేమం కాదు. ఊరి పోస్టాఫీసులో తేదీ ముద్ర అక్షరాలు మార్చడానికి ఎంతసేపు పడుతుందో తెలిసినవాళ్ళకి ఈ వాక్యం వింతగా తోచదు. ముద్ర అంటే ఒక పిడి, దాని చివర తేదీ దిమ్మలు. ఈ రోజు దిమ్మ తీసి మూణ్ణెల్ల కిందటిది పెట్టి కొడితే ముద్ర నిజమైనదే, తేదీ మాత్రం అబద్ధం. రిజిస్టర్ కవరుకి ఈ ఆట సాగదు. మూణ్ణెల్ల కిందటి నంబరు మూణ్ణెల్ల కిందటి పుస్తకంలో, అప్పటి సంచి జాబితాలో, అవతలి ఊరి పుస్తకంలో కూడా ఉండాలి. ఒక గుమాస్తాని కొనవచ్చు, దారి పొడుగునా ఉన్న గుమాస్తాలందర్నీ కొనలేరు.

దీనికి ఒక అభ్యంతరం ఉంది, అది తేలికైనది కాదు. దొంగ ముద్రలు కొట్టించుకున్నవాళ్ళు ఎంతమంది ఉంటారు? నూటికి తొంభైమంది నిజంగా ఉత్తరాలు పోస్టు చేసినవాళ్ళే. పదిమంది మోసగాళ్ళ కోసం తొంభైమంది చేతిలో చీటీ ఎందుకు లాక్కోవాలి? యాజమాన్యానికి అర్జీ పెట్టుకునే కూలీ, భూస్వామికి కౌలు సంగతి రాసే రైతు, ఆఫీసుల చుట్టూ తిరగలేని పింఛనుదారు, వీళ్ళు రిజిస్టర్ ఖర్చు పెట్టలేకే యూసీపీ పట్టుకున్నారు కదా? నా సమాధానం ఇది. ఆ తొంభైమందికే యూసీపీ ఎక్కువ అన్యాయం చేసింది. అవతలివాడు అందలేదన్నప్పుడు వాళ్ళ చీటీ కూడా మోసగాడి చీటీతో సమానమే అయింది; ఏది నిజమైనదో తేల్చే పుస్తకం ఏ ఆఫీసులోనూ లేదు గనక. బలమున్నవాడు రిజిస్టర్ చేస్తాడు, గెలుస్తాడు. బీదవాడు యూసీపీ చూపిస్తాడు, కోర్టు ఊహించుకోనంటుంది. రుజువు ఉందనే ధీమాతో రిజిస్టర్ చేయకుండా ఆగిపోయినవాళ్ళ నష్టం ఏ లెక్కలోకీ రాలేదు. అందుకని 2011లో తప్పు యూసీపీని తీసేయడంలో జరగలేదని నా నమ్మకం. తీసేసిన చోట అంతే చవకగా, పద్దుతో సహా మరొకటి పెట్టకపోవడంలో జరిగింది. అప్పటికే కౌంటర్ల మీదికి కంప్యూటర్లు వచ్చేశాయి. చీటీకి ఒక నంబరు ఇచ్చి, ఆ నంబరు పక్కన పేరూ తేదీ ఎక్కిస్తే ఖర్చు ఎంతవుతుంది? ఉత్తరాన్ని సంచిలో విడిగా కాపాడాల్సిన పని లేదు. పోస్టు అయిందన్న ఒక్క సంగతికి ఆఫీసు దగ్గర నకలుంటే చాలు. ఆ పని చేయలేదు. కంపెనీలకి మాత్రం అదే ఏడాది ఏప్రిల్‌లో కంపెనీ వ్యవహారాల శాఖ ఈ-మెయిల్లో నోటీసులు పంపుకొమ్మని దారి చూపింది. కౌలు రైతుకి అలాంటి సర్క్యులర్ ఏదీ రాలేదు.

రెండో అభ్యంతరం వకీళ్ళు చేసేది. రిజిస్టర్ పోస్టు మాత్రం అంత పవిత్రమా? తెల్ల కాగితం మడిచి రిజిస్టర్ చేసి, నోటీసు పంపాననేవాళ్ళు లేరా? ఉన్నారు. కవరు వెళ్ళిందని పుస్తకాలు చెబుతాయి, లోపలేముందో చెప్పవు. ఉత్తరం విషయంలో కోర్టులు దీన్ని కొంత చూసీ చూడనట్టు పోనిస్తాయి. ఖాళీ కవరు వచ్చిందనేవాడు ఆ మాట అప్పుడే రాసి ఎందుకు పంపలేదని అడుగుతాయి. పార్సెల్ దగ్గరికొచ్చేసరికి మాత్రం అసలు పేచీయే లోపలి సరుకు. ఇక్కడ తపాలా శాఖ పాతకాలంలో చేసిన ఆలోచన మెచ్చుకోదగ్గది. నాలుగు కిలోలు దాటిన పార్సెల్‌ని రిజిస్టర్ చేయకుండా తీసుకునేది కాదు. బంగారమో నోట్లో పంపాలంటే ఇన్సూరు చేయించాలి. ఇన్సూరు పార్సెల్‌కి గుడ్డ చుట్టి కుట్టు కుట్టించి, ఆ కుట్లూ అతుకులూ ఎక్కడెక్కడ ఉన్నాయో అక్కడల్లా లక్క కరిగించి ముద్ర వేయాలి. ఆ ముద్రలన్నీ ఒకే రంగు లక్కతో, ఒకే గుర్తుతో ఉండాలి. ఆ గుర్తు పంపినవాడి సొంతం కావాలి. చెలామణీలో ఉన్న నాణెంతో నొక్కినా, అడ్డగీతలూ నిలువుగీతలూ గీసినా ఒప్పుకోరు, ఎవరైనా మళ్ళీ వేయగలరు గనక. బరువు కచ్చితంగా తూచి పార్సెల్ మీదే రాస్తారు. దారిలో ఎక్కడ విప్పినా లక్క పగులుతుంది, ఏది తీసినా బరువు తగ్గుతుంది. లోపల ఏముందో పోస్టాఫీసు అప్పుడూ చూడలేదు. మొదటి చోట ఎలా ఉందో చివరి చోటా అలాగే ఉందని మాత్రం చెప్పగలిగింది. పార్సెల్‌కి సంబంధించి మూడో మనిషి ఇవ్వగలిగిన నిజమైన సాక్ష్యం అంతే, అంతకుమించి ఆశించడం అత్యాశ.

1877లో మొదలైన వాల్యూ పేయబుల్ పోస్టు (వీపీపీ) ఇంకో వైపు నుంచి ఈ చిక్కుని విప్పింది. సరుకు పంపినవాడికి డబ్బు, అందుకున్నవాడి చేతుల్లోంచి పోస్టాఫీసు వసూలు చేసి పంపుతుంది. మద్రాసు నుంచి తెలుగు పుస్తకాలు, మందులు, పంచాంగాలు ఊరూరికీ చేరింది ఈ దారినే. పుస్తకాల దుకాణం లేని ఊళ్ళో గ్రంథాలయానికి ప్రాణం పోసింది కూడా వీపీపీయే. పార్సెల్ అందిందా అని ఎవరూ రసీదు వెతకరు; మనీయార్డరు వచ్చిందంటే అందినట్టే, లేదంటే కట్ట తిరిగొస్తుంది. 1854 చట్టం పోగొట్టిన పాత మెలికే ఇక్కడ కొత్త ముసుగులో తిరిగొచ్చింది. చివరి గుమ్మంలో డబ్బు ఉన్నంతకాలం రుజువు దానంతటదే పుడుతుంది. ఇప్పటి క్యాష్ ఆన్ డెలివరీకి తాత అదే.

ఇప్పుడంతా ట్రాకింగు మయం కదా, ఈ పాత చరిత్ర ఎందుకు అనేవాళ్ళుంటారు. 1986 ఆగస్టులో మొదలైన స్పీడ్ పోస్టు కాలక్రమంలో కంప్యూటర్ పద్దుకి మారింది. పార్సెల్ ఏ ఊరు దాటిందో ఫోన్లో కనబడుతుంది. ఇదంతా పద్దే, ఒప్పుకుంటాను, గుమాస్తా చేతిరాత కన్నా దట్టమైన పద్దు. సివిల్ ప్రొసీజర్ కోడ్ కూడా 2002 సవరణతో సమన్లకి స్పీడ్ పోస్టునీ, హైకోర్టు ఆమోదించిన కొరియర్లనీ ఒప్పుకుంది. అయినా పాత ప్రశ్న పోలేదు. పద్దు ఎవరి చేతిలో ఉంది, ఎన్నాళ్ళుంటుంది? కొన్ని నెలలు పోతే ఆన్‌లైన్‌లో ఆ నంబరు కొడితే ఏమీ రాదు. కౌంటరులో ఇచ్చే రసీదు వేడికి అచ్చయ్యే కాగితం, పర్సులో నాలుగు నెలలుంటే అక్షరాలు మాయం. దాని మీద చాలాసార్లు పేరూ, ఊరూ, పిన్ కోడూ తప్ప చిరునామా మొత్తం ఉండదు. ఇరవై ఏడో సెక్షన్ మొదటి షరతేమో చిరునామా సరిగా రాయడం. ట్రాకింగు పేజీ ప్రింటు తీసి కోర్టులో పెడితే, ఎలక్ట్రానిక్ రికార్డుకి ధ్రువపత్రం ఏదని అడుగుతారు. పాత సాక్ష్య చట్టంలో 65బి, 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలో 63వ సెక్షన్. ఆన్‌లైన్‌లో కొన్న చీర నచ్చక తిప్పి పంపేటప్పుడు గుమ్మంలో కుర్రాడు ఫోనుతో బార్‌కోడ్ గీసి సంచి పట్టుకుపోతాడు. చేతిలో కాగితం ఉండదు. కంపెనీ పుస్తకంలో పద్దు ఉంటుంది, కానీ పేచీ వచ్చేదే ఆ కంపెనీతో. రెండు పుస్తకాల్లో ఒకటే మిగిలింది, అదీ అవతలివాడి దగ్గర. అందుకే అమ్మేవాళ్ళు ప్యాకింగు వీడియో తీసుకుంటున్నారు, కొనేవాళ్ళు విప్పేటప్పుడు వీడియో తీసుకుంటున్నారు. ఇన్సూరు పార్సెల్ మీది లక్క చేసిన పని ఇప్పుడు ఫోను కెమెరాకి పడింది.

విజయవాడ నుంచో హైదరాబాదు నుంచో అమెరికాలో పిల్లలకి ఆవకాయ, పొడులు పంపేవాళ్ళకి ఇంకో కాగితం ఎదురవుతుంది: కస్టమ్స్ డిక్లరేషన్. లోపల ఏముంది, ఎంత బరువు, ఎంత విలువ అని రాసి సంతకం పెట్టాలి. సరుకు గురించి చెప్పే కాగితం తపాలా వ్యవస్థలో ఇదొక్కటే అనిపిస్తుంది గానీ, అది పంపినవాడి సొంత మాట. పోస్టాఫీసు దాన్ని మోసుకెళ్తుంది, పూచీ పడదు. సీసా పగిలినా, రెండు పొట్లాలు తగ్గినా ఆ డిక్లరేషన్ చూపించి సరుకు విలువ అంతా రాబట్టుకోవచ్చనుకుంటే నిరాశే. దేశంలో స్పీడ్ పోస్టు కవరు పోతే ఇచ్చే పరిహారం చూస్తే తెలుస్తుంది: కట్టిన రుసుముకి రెట్టింపో, వెయ్యి రూపాయలో, ఏది తక్కువైతే అది. రిజిస్టర్ పోస్టుకి ఇది వంద రూపాయలే ఉండేది. రుజువు ఎంత గట్టిదైనా బాధ్యత అంతే కురచ.

2025లో రిజిస్టర్ పోస్టుని స్పీడ్ పోస్టులో కలిపేశారు. ఆ అక్టోబరు నుంచి కొత్త రేట్లు: 50 గ్రాముల దాకా స్థానికంగా 19 రూపాయలు, బయటి ఊళ్ళకి 47, పైన జీఎస్టీ. రిజిస్ట్రేషన్ అన్నది ఇప్పుడు అదనంగా అయిదు రూపాయలూ జీఎస్టీ కట్టి తీసుకునే సదుపాయం. అడిగితే చిరునామాదారుకే ఇస్తారు, అడగకపోతే లేదు. 1897 చట్టం ‘రిజిస్టర్ పోస్టు’ అన్న మాటల మీద కట్టిన ఊహ, ఇకనుంచి ఆ అయిదు రూపాయలు కట్టిన స్పీడ్ పోస్టుకే వర్తిస్తుందా, కట్టనిదానికీ వర్తిస్తుందా అన్నది వకీళ్ళకి చేతినిండా పని. పద్దు దృష్టితో చూస్తే రెండిటికీ తేడా తక్కువే, ప్రతి మజిలీలో స్కానింగు రెండిటికీ ఉంది. అక్షరం దృష్టితో చూస్తే తేడా ఉంది. 2024 జూన్ నుంచి 1898 చట్టం స్థానంలో వచ్చిన కొత్త పోస్టాఫీసు చట్టం చాలా పొట్టిది, ఇలాంటి వివరాలన్నీ రూల్సుకీ రెగ్యులేషన్లకీ వదిలేసింది. శాఖ బాధ్యత మీద మినహాయింపు మాత్రం చట్టంలోనే భద్రంగా ఉంచుకుంది. రసీదు అడిగే హక్కు పార్లమెంటు చేసిన సెక్షన్‌లో ఉండటానికీ, శాఖ మార్చుకోగల రెగ్యులేషన్‌లో ఉండటానికీ తేడా లేదని శాఖ అనవచ్చు. తేదీ ముద్ర దిమ్మలు మార్చుకునే వెసులుబాటు ఎవరి చేతిలో ఉందన్నదే మళ్ళీ ప్రశ్న. ఈలోగా కోర్టుకి వెళ్ళే అవసరం పడుతుందేమోనని అనుమానం ఉన్నవాళ్ళు ఆ అయిదు రూపాయలు కట్టడం, కవరు మీద పూర్తి చిరునామా, బార్‌కోడూ కనబడేలా ఫొటో తీసుకోవడం, రసీదు అక్షరాలు పోకముందే నకలు తీయించడం, డెలివరీ అయిన వారంలోనే ట్రాకింగు పేజీ దాచుకోవడం తప్పదు.